34 తప్పులు రాసుకున్నా, పంపింది మూడే: ఒక మామిడి టోకెన్ పేజీ కేస్ స్టడీ

రాత్రి పదకొండు దాటినాక వాట్సాప్‌లో ఒక లింకు వచ్చింది, కింద ఒకే లైను, "అక్కా ప్రాజెక్ట్ అయిపోయింది, చూసి ఎట్లుందో చెప్పండి". పంపింది డిగ్రీ మూడో సంవత్సరం అమ్మాయి, తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుకుంటా ఉంది, సొంతూరు బంగారుపాళెం పక్కన చిన్న పల్లె, వాళ్ళ నాయనకి నాలుగెకరాల మామిడి తోట ఉంది. నేను ఫ్రంట్ ఎండ్ పనిలో, అంటే వెబ్‌సైట్‌లో కంటికి కనపడే భాగం చేసే పనిలో, పదకొండేళ్ల నుంచి ఉన్నా, మొదట బెంగళూరులో, ఇప్పుడు తిరుపతిలో ఇంటి నుంచే. ఆదివారం పూట బైరాగిపట్టెడలో మా మేడ మీద రూంలో నలుగురైదుగురు పిల్లలు వచ్చి కూర్చుంటారు, వాళ్ళు చేసింది నేను చూస్తా, నాకు తెలిసింది చెప్తా, ఫీజు గీజు ఏమీ లేదు. ఈ ఒక్క పేజీకి ఫీడ్‌బ్యాక్ ఎట్ల ఇచ్చినానో, ఎక్కడ బాగా కుదిరిందో, ఎక్కడ నేనే తప్పు చేసినానో మొత్తం రాస్తా ఉన్నా, ఎందుకంటే కొత్తగా నేర్చుకునే పిల్లల కోడ్ చూసి చెప్పే పని మనలో చాలామందికి పడుతుంది గానీ ఎట్ల చెప్పాలనేది మనకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు.

పేజీ ఏందంటే, తోతాపురి కాయ ఫ్యాక్టరీకి తోలే రైతులకి టోకెన్. మా చిత్తూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు, జూన్ జూలై వచ్చిందంటే గుజ్జు ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, కాయ బండి మీదే మాగిపోతా ఉంటుంది, రైతు రాత్రంతా బండి కింద టార్పాలిన్ పరుచుకుని పడుకుంటాడు. ఈ అమ్మాయి ఏమనుకుందంటే, పైన ఆ రోజు రేట్ల టేబుల్, ఏ ర్యాంపులో (కాయ కొనే చోటు) ఎంత, ఏ ఫ్యాక్టరీలో ఎంత అని, కింద ఒక ఫారం, పేరు, ఫోన్ నంబరు, ఊరు, ఎన్ని టన్నులు, నొక్కితే టోకెన్ నంబరు వస్తుంది. నిజంగా ఏ ఫ్యాక్టరీకీ దీంతో సంబంధం లేదు, రేట్లు తను టైప్ చేసుకున్నవే, టోకెన్ కూడా జావాస్క్రిప్ట్‌తో పుట్టించిన రాండమ్ నంబరే. ప్రాక్టీస్ కోసం చేసింది. అయినా క్లాసులో మిగతా వాళ్ళంతా కాలిక్యులేటరూ టు డూ లిస్టూ చేస్తా ఉంటే ఈ పిల్ల తన ఇంట్లో ప్రతి ఏడూ జరిగేది తీసుకుంది, ఆ సంగతి చూసే నాకు చాలా సంతోషమయింది.

ల్యాప్‌టాప్‌లో తెరిచినా. అక్షరాలు ఒక్కొక్కటి బొప్పాయి గింజకి బదులు బొప్పాయి కాయంత, ఫొటోలు ఒక్కటీ రాలేదు, విరిగిన బొమ్మ గుర్తు మాత్రమే ఉంది, రేట్లన్నీ తెల్ల మీద లేత మామిడి పచ్చ రంగులో, సబ్మిట్ బటన్ అసలు బటన్ కాదు, ఒక డివ్‌కి, అంటే ఉత్త డబ్బాకి, రంగేసి క్లిక్ పెట్టింది, ట్యాబ్ కీ కొడితే దాని మీదకి పోనే పోదు. గ్యాప్ కావాల్సిన చోటంతా లైను దించే బీఆర్ ట్యాగులు, ఒక చోట వరసగా తొమ్మిది. రంగులూ సైజులూ చెప్పే సీఎస్ఎస్‌లో, మిగతా రూల్స్‌ని తోసేసే ఇంపార్టెంట్ అనే మాట పదకొండు సార్లు. నా నోట్‌బుక్‌లో నంబర్లేసి రాసుకుంటా పోతే 34 వచ్చినాయి. ఆ 34 అట్లే టైప్ చేసి పంపడం అరగంట పని.

పంపలేదు. దానికి ఒక కారణముంది.

అంతకు ముందు ఏడాది ఒక అబ్బాయి తన పోర్ట్‌ఫోలియో పేజీ పంపినాడు, నేను ఆ రోజు మంచి ఊపులో ఉన్నా, కూర్చుని 27 పాయింట్లు రాసి పంపినా, ప్రతి దానికీ కారణం కూడా రాసినా, ఎంత బాగా చేసినాను అనుకున్నా. వాడు "థ్యాంక్యూ అక్కా" అన్నాడు, మళ్ళీ రాలేదు. రెండు నెలల తర్వాత వాళ్ళ ఫ్రెండ్ చెప్పినాడు, మీ మెసేజ్ చూసి ల్యాప్‌టాప్ మూసేసినాడక్కా, ఇది నాకు రాదులే అన్నాడు అని. ఆ 27లో ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు నేను. అన్నీ కరెక్టే, అదే నన్ను ఇప్పటికీ బాధ పెడుతుంది. వాడికి 27 విడివిడి పనులు కనపడినాయి, ఏది పెద్దదో ఏది చిన్నదో తెలియలేదు, ఇండెంటేషన్ (కోడ్ లైన్ల ముందు వదిలే ఖాళీ) సరిగా లేదు అన్నదీ ఫోన్‌లో పేజీ సగం కనపడటం లేదు అన్నదీ ఒకే వరసలో, ఒకే సైజులో ఉన్నాయి.

ఇంకో రకం కూడా చేసి చూసినా. విసుగొచ్చి ఫైల్ తీసుకుని నేనే సరిచేసి తిరిగి పంపడం. ఆ పేజీ బాగుపడుతుంది, పిల్లోడికి మాత్రం ఏం అర్థం కాదు, పైగా అది ఇక వాడి పేజీ కాదు, ఎవరికీ చూపించబుద్ధి కూడా కాదు.

అందుకని ఈసారి ముందు మూడు ప్రశ్నలే పంపినా. ఈ పేజీ ఎవరు చూడాలని చేసినావు? వాళ్ళ దగ్గర ఏ ఫోన్ ఉంది? చేసేటప్పుడు ఎక్కడ ఎక్కువ సేపు ఇరుక్కుపోయినావు? జవాబులు పొద్దున్నే వచ్చినాయి. మా నాయన చూడాలక్కా. పాత ఆండ్రాయిడ్ ఫోను, స్క్రీన్ మూల పగిలింది. ఇరుక్కుంది ఫొటోల దగ్గర, నా ల్యాప్‌టాప్‌లో వస్తాయి లింకులో రావు, మూడు రోజులు చూసినా తెలియలేదు.

ఈ మూడో జవాబు లేకుంటే నేను ఫొటోల సంగతి 34లో ఒకటిగా రాసేసి ఉందును. తనకేమో అది మూడు రోజుల బాధ. ఎక్కడ నొప్పి ఉందో అక్కడి నుంచే మొదలుపెట్టాలని ఆదివారం ఫొటోలతోనే కూర్చున్నాం.

నాకు జవాబు చూడగానే తెలుసు. కోడ్‌లో ఫోల్డర్ పేరు చిన్న అక్షరంతో ఇమేజెస్ అని రాసింది, అసలు ఫోల్డర్ పేరులో మొదటి ఐ పెద్దది. ఫొటో ఫైళ్ళకి చివర జేపీజీ కూడా పెద్ద అక్షరాల్లో ఉంది, ఫోన్ కెమెరా అట్లే పేరు పెట్టింది. విండోస్ ఈ పెద్దా చిన్నా తేడా పట్టించుకోదు కాబట్టి ఇంట్లో అన్నీ వస్తాయి, పేజీని నెట్‌లో పెట్టిన గిట్‌హబ్ పేజెస్ సర్వర్ పట్టించుకుంటుంది కాబట్టి అక్కడ రావు. ఈ రెండు వాక్యాలు చెప్పేస్తే అయిపోయేది. చేతులు కట్టుకుని కూర్చున్నా.

"లైవ్ లింకు తెరిచి ఎఫ్ 12 కొట్టు పాపా, నెట్‌వర్క్ అని ట్యాబ్ ఉంటుంది, అది పెట్టి పేజీ రిఫ్రెష్ చెయ్. ఎర్రగా ఏమన్నా ఉందా?"

"నాలుగు ఉన్నాయక్కా. 404 అంట."

"404 అంటే?"

"లేదు అని."

"ఏది లేదంట? ఆ లైను మీద నొక్కి అడ్రస్ మొత్తం నిదానంగా చదువు. తర్వాత గిట్‌హబ్‌లో నీ ఫోల్డర్ తెరిచి పక్కపక్కన పెట్టుకో."

చదివింది. మళ్ళీ చదివింది. వేలు స్క్రీన్ మీద పెట్టి ఒక్కో అక్షరం చూస్తా పోయింది, మా అమ్మ కింద నుంచి టీ పంపితే అది చల్లారిపోయింది, ఇరవై నిమిషాలు దాటినాక ఒక్కసారిగా వెనక్కి జరిగి "అక్కా ఇక్కడ ఐ పెద్దది!" అంది. ఆ గొంతు నేను చెప్పి ఉంటే వచ్చేది కాదు. ఇప్పుడు ఫొటో రాకపోతే ఏం చేయాలో ఆ పిల్లకి జీవితాంతం తెలుసు, నన్ను అడగక్కర్లేదు.

అయితే అన్నీ ఇట్ల వాళ్ళే కనుక్కోవాలని కూర్చోకూడదు, అది కూడా ఆ రోజే తెలిసొచ్చింది. వెంటనే పోయి విండోస్‌లో ఫోల్డర్ పేరు మార్చింది, కోడ్‌లో మార్పులు గుర్తుపెట్టుకునే టూల్ గిట్ అసలు ఏం మారలేదు అంటుంది, ఎందుకంటే విండోస్‌లో గిట్ మామూలుగా పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడాని మార్పు కింద లెక్కపెట్టదు. ఆ గుంతలో పడనిస్తే ఇంకో రెండు గంటలు పోతాయి, నేర్చుకునేది ఏమీ ఉండదు. అక్కడ మాత్రం వెంటనే చెప్పేసినా, ఫోల్డర్ జోలికి పోవద్దు, కోడ్‌లో పేరే దానికి తగ్గట్టు మార్చు, గిట్‌లో పేరు మార్చే కమాండ్ వేరే ఉంది, అది తర్వాత చూద్దాం అని. వెతికితే ఆధారం దొరికే తప్పు అయితే వెతకనిస్తా, టూల్‌లో దాక్కున్న తిక్క అయితే చెప్పేస్తా, నా లెక్క ఇది.

ఇక మిగిలిన 33. వీటిలో 11 మెషిన్ చెప్పగలిగినవి, మూయని ట్యాగులు, రెండు చోట్ల ఒకే ఐడీ, పీ ట్యాగ్ లోపల డివ్, ఫొటోలకి ఆల్ట్ (బొమ్మ ఏందో చెప్పే మాట) లేకపోవడం, ఇట్లాంటివి. డబ్ల్యూ3సీ వ్యాలిడేటర్ అని ఉంది, నీ లింకు అందులో పెట్టు, అది చెప్పిందంతా నువ్వే సరిచేసుకో, అర్థం కాని లైను ఉంటే నాకు స్క్రీన్‌షాట్ పంపు అన్నా. మెషిన్ తిడితే ఎవరికీ మనసు కష్టపడదు, మనిషి అదే మాట అంటే కష్టపడుతుంది. ఇండెంటేషన్‌కి ప్రెటియర్ అని కోడ్‌ని దానంతట అదే సర్దే టూల్ పెట్టించినా, రెండు నిమిషాలు.

మిగిలిన 22 ముందర పెట్టుకుని ప్రతి దానికీ ఒకే ప్రశ్న వేసుకున్నా, ఇది సరిచేయకపోతే వాళ్ళ నాయన ఎక్కడన్నా ఆగిపోతాడా? బీఆర్ ట్యాగులు తొమ్మిది ఉంటే ఆయనకేం కాదు. ఇంపార్టెంట్ పదకొండు సార్లుంటే ఆయనకేం కాదు, ఆ పిల్లకే ముందుముందు కష్టం. క్లాస్ పేర్లు బాక్స్ 1, బాక్స్ 2, బాక్స్ 3 అని ఉంటే ఆయనకేం కాదు. ఆయన్ని ఆపేవి మూడు తేలినాయి, ఫోన్‌లో పేజీ కుదించుకుపోయి రావడం, రంగు కనపడకపోవడం, ఆ డివ్ బటన్. మిగిలిన 19 నోట్‌బుక్‌లోనే ఉంచుకున్నా.

పంపిన మెసేజ్ ఇది, ఉన్నది ఉన్నట్టు:

"రేట్ల టేబుల్‌కి హెడింగ్ గడులు టీహెచ్‌తో పెట్టినావు, అంకెలన్నీ కుడి వైపుకి జరిపి పైసలు రెండు స్థానాలు రాసినావు, అందుకే 8.50 కింద 12.00 చూడగానే ఏది జాస్తో తెలిసిపోతా ఉంది. ఇది ఎవరు చెప్పకుండానే చేసినావు, దీన్ని మార్చొద్దు. ఇప్పుడు మూడు పనులు. ఒకటి, ఫోన్‌లో పేజీ మొత్తం దూరం నుంచి చూసినట్టు చిన్నగా వస్తా ఉంది. హెడ్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ లేదు. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ మన పేజీ 980 పిక్సెల్స్ వెడల్పు ఉందనుకుని గీసి, తర్వాత స్క్రీన్‌కి పట్టేట్టు కుదిస్తుంది. పెట్టి చూసి ఏం మారిందో నాకు చెప్పు. రెండు, రేట్ల రంగు. ఇన్‌స్పెక్ట్‌లో రంగు గడి మీద నొక్కితే కాంట్రాస్ట్ అని ఒక నంబర్ చూపిస్తుంది, అది ఎంతుందో చూడు, మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలి. మూడు, మౌస్ పక్కన పెట్టేసి ట్యాబ్, ఎంటర్ కీలతో మాత్రమే ఫారం నింపి టోకెన్ తీసుకో. ఎక్కడ ఆగిపోయినావో చెప్పు."

మెచ్చుకోలు ముందు పెట్టింది మందు మింగించడానికి బెల్లం ముక్కలాగా కాదు. నేను టేబుల్ సంగతి చెప్పకపోతే తర్వాత పేజీ సరిచేసేటప్పుడు దాన్ని కూడా పీకేసి డివ్‌లు పెట్టేది, ఎందుకంటే కొత్తవాళ్ళకి తాము చేసినదాంట్లో ఏది బాగుందో తెలియదు, కుదిరింది కూడా పొరపాటున కుదిరిందే అనుకుంటారు. "సూపర్, చాలా బాగుంది" అంటే అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఇంతవరకూ బాగుంది. అదే రాత్రి పన్నెండుకి మెసేజ్, "అక్కా అంతా పాడైపోయింది, మీరు చెప్పింది పెట్టినాక పేజీ భయంకరంగా ఉంది, తీసేయాలా?" కింద స్క్రీన్‌షాట్. ఫోన్ స్క్రీన్ మొత్తం "ఈరోజు" అనే ఒక్క మాట, అది కూడా సగం బయటికి పోయి ఉంది.

తప్పు నాదే. జరిగింది ఏందంటే, వ్యూపోర్ట్ ట్యాగ్ లేకుండా ఆ పిల్ల మొదట 16 పిక్సెల్స్ పెట్టుకుంది, ఫోన్‌లో చీమ తలకాయంత కనపడింది, అప్పుడు 24 చేసింది, చాల్లేదు, 32 చేసింది, చివరికి 40 దగ్గర కంటికి ఆనింది. 360 వెడల్పు ఫోన్‌లో 980ని కుదిస్తే 40 పిక్సెల్స్ దాదాపు 15 లాగా కనపడతాయి, అది సరిపోయే సైజే. ల్యాప్‌టాప్‌లో నాకు అక్షరాలు అంత పెద్దగా కనపడింది అందుకే. ఇంపార్టెంట్‌లు పదకొండూ, మార్జిన్లు వందల్లో ఉండటం, బటన్ ఎత్తు 130 పెట్టడం, అన్నీ ఆ ఒక్క ట్యాగ్ లేనందుకు వేసుకున్న అతుకులు. నేను అవన్నీ విడివిడి తప్పులని నంబర్లేసినా, నిజానికి వాటిలో ఎనిమిది ఒకే తప్పు పిల్లలు. ఇప్పుడు ట్యాగ్ పెట్టేసరికి 40 అంటే నిజంగా 40 అయ్యి కూర్చుంది.

వేరు తప్పు సరిచేసినప్పుడు పేజీ ముందు ఇంకా పాడవుతుంది, తర్వాతే బాగుపడుతుంది, ఆ మాట ముందే చెప్పి ఉండాల్సింది నేను. పాపం ఆ పిల్ల రాత్రి పూట హాస్టల్లో ఒక్కతే కూర్చుని, అక్క చెప్పింది చేస్తే ఉన్నది కూడా పోయిందే అని ఎంత కంగారు పడిందో. అప్పుడే ఫోన్ చేసినా. తీసేయొద్దు, నువ్వు సరిగ్గానే పెట్టినావు, ఇన్నాళ్ళూ కుదించుకుపోయిన అద్దంలో చూసి కొలతలు పెట్టుకున్నావు, ఇప్పుడు అద్దం సరైంది, ఫాంట్ సైజులన్నీ తీసేసి 16తో మొదలుపెట్టు అని చెప్పినా. పది నిమిషాల తర్వాత స్క్రీన్‌షాట్ వచ్చింది, పేజీ సరిగ్గా కూర్చుంది, 60 లైన్ల సీఎస్ఎస్ ఎగిరిపోయింది.

అప్పటి నుంచి ఇట్లాంటి ఫీడ్‌బ్యాక్ ఇచ్చేటప్పుడు రెండు మాటలు కలుపుతా ఉన్నా, ముందు ఇప్పుడున్నది కమిట్ చేసి పెట్టుకో, పెట్టిన వెంటనే ఇది ఇట్ల చెడిపోయినట్టు కనపడుతుంది, భయపడొద్దు. కమిట్ ఉంటే వెనక్కి పోవచ్చు అనే ధైర్యం ఉంటుంది. కొత్తవాళ్ళు మనం చెప్పింది చేయకపోవడానికి సగం కారణం ఉన్నది పోతుందేమో అనే భయమే.

మధ్యలో ఒక సంగతి. టోకెన్ నంబర్ పుట్టించే జావాస్క్రిప్ట్ ముక్క మిగతా కోడ్‌కి పొంతన లేకుండా చాలా పెద్దోళ్ళు రాసినట్టు ఉంది, చూడగానే తెలుస్తుంది చాట్‌జీపీటీ ఇచ్చిందని. కాపీ కొట్టినావా అని అడగలేదు. ఈ ముక్క నాకు చెప్పు పాపా, మొదటి లైను ఏం చేస్తుంది అన్నా. రెండు లైన్లు చెప్పింది, మూడో లైను దగ్గర ఆగిపోయి తలొంచుకుంది. సరే, నీకు తెలిసిన రెండు లైన్లతోనే టోకెన్ వస్తుందేమో చూడు అన్నా. 14 లైన్ల ముక్క 3 లైన్లయింది, పని అదే చేస్తా ఉంది. అడిగి తెచ్చుకోవడం తప్పని నేననుకోను, తెచ్చుకున్నది నోటితో చెప్పలేకపోతే మాత్రం అది పేజీలో ఉండకూడదు అని మా రూంలో రూలు.

మూడో పని, బటన్. ట్యాబ్‌తో పోయి ఊరు గడి దాకా వచ్చింది, టన్నుల గడి దాటినాక ఫోకస్ పైకి అడ్రస్ బార్‌లోకి ఎగిరిపోయింది. "బటన్ మీదకి పోవడం లేదక్కా" అని తనే చెప్పింది, డివ్‌ని తీసేసి నిజం బటన్ పెట్టింది, అన్నిట్నీ ఫారం ట్యాగ్‌లో చుట్టింది, సబ్మిట్ అయినప్పుడు పేజీ రిఫ్రెష్ అయిపోకుండా ప్రివెంట్ డీఫాల్ట్ పెట్టడం నేను చూపించినా. నేను ఫారం నింపి చూసినా, 3 టన్నులు, టోకెన్ వచ్చింది. రంగు కూడా 2.1 ఉన్నది 4.6కి తెచ్చింది. నా లెక్కలో పేజీ అయిపోయింది.

ఆ వారం చివర ఇంటికి పోతా ఉంటే ఒక పని చెప్పినా. మీ నాయన చేతికి ఫోన్ ఇచ్చి టోకెన్ తీసుకోమను, పక్కన కూర్చో, నోరు తెరవొద్దు, ఇక్కడ నొక్కు నైనా అని చెప్పొద్దు, ఆయన వేలు ఎక్కడ ఆగిందో రాసుకో, అంతే.

ఆదివారం వచ్చి నోట్‌బుక్ ముందర పెట్టింది. తన చేతిరాతలో నాలుగు లైన్లు:

"తోటలో ఎండలో ఇచ్చినా, రేట్లు కనపడలా, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసినాడు.

చిత్తూరు అనే దాంట్లో కింద వత్తు తెగిపోయింది, ఇదేం అక్షరం పాపా అన్నాడు.

2.5 అని కొట్టినాడు, ఏందో ఇంగ్లీషులో వచ్చింది, టోకెన్ రాలా. రెండున్నర టన్ను ఎట్ల చెప్పేది మరి అన్నాడు.

తర్వాత 3 కొట్టినాడు, టోకెన్ వచ్చింది కానీ చూసుకోలా, మూడు సార్లు నొక్కినాడు, మూడు టోకెన్లు వచ్చినాయి."

ఈ నాలుగులో రెండు నా 34లో అసలు లేవు.

ఆ 2.5 సంగతి నన్ను బాగా పట్టుకుంది. టన్నుల గడికి టైప్ నంబర్ అని పెట్టింది, అది సరైనదే, కానీ నంబర్ గడికి స్టెప్ ఏమీ చెప్పకపోతే బ్రౌజర్ దాన్ని 1 అనుకుంటుంది, అంటే 2 ఒప్పుకుంటుంది, 3 ఒప్పుకుంటుంది, 2.5ని ఒప్పుకోదు, దగ్గరి విలువలు 2, 3 అని ఇంగ్లీషులో చెప్పి ఆపేస్తుంది. ముందు డివ్ బటన్ ఉన్నప్పుడు ఈ తప్పు బయటపడలేదు ఎందుకంటే ఫారం సబ్మిట్ అయినప్పుడే బ్రౌజర్ ఈ చెకింగ్ చేస్తుంది, డివ్ నొక్కితే చేయదు. నేను చెప్పి నిజం బటన్ పెట్టించినాక చెకింగ్ మొదలయింది, ఆయన ఆగిపోయినాడు. నేను 3 కొట్టి చూసి అయిపోయిందనుకున్నా. మామిడి రైతు ట్రాక్టర్‌లో సరిగ్గా 3 టన్నులే ఎందుకుంటుంది? ఆ ఆలోచన నాకు రాలేదు, తోట ఉన్న మనిషికి అది మొదటి వేలికే తగిలింది. స్టెప్ ఎనీ అని ఒక్క మాట పెడితే సరిపోయింది.

వత్తు తెగడం తెలుగులో పేజీ చేసే ప్రతి ఒక్కరూ చూసుకోవాల్సింది. ఇంగ్లీషు ట్యుటోరియల్ చూసి గడి ఎత్తు 20 పిక్సెల్స్ ఫిక్స్ చేసి, బయటికి వచ్చింది దాచెయ్ అని పెట్టింది. ఇంగ్లీషు అక్షరానికి అది చాలు. మన అక్షరం పైన గుడి, తలకట్టు, కింద వత్తు, దానికి చోటు కావాలి. ఎత్తు తీసేసి లైన్ హైట్ 1.7 పెట్టింది, త కింద త నిండుగా వచ్చి కూర్చుంది. అప్పుడే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో భాష ఇంగ్లీషు అని ఉన్నదాన్ని తెలుగు కోడ్‌కి మార్పించినా, చూపు లేనివాళ్ళకి పేజీ చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఏ భాషలో చదవాలో దాన్ని బట్టే తెలుసుకుంటుంది.

రంగు దగ్గర నేను నేర్చుకున్నది, 4.5 అనేది డబ్ల్యూసీఏజీ అనే వెబ్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్‌లో 2008 నుంచి ఉన్న లెక్కే గానీ అది కనీసం మాత్రమే. నేను నంబర్ చెప్పినా కాబట్టి ఆ పిల్ల ఆ నంబర్ దాటించి ఆగిపోయింది, 4.6. చిత్తూరు జూన్ ఎండలో పగిలిన స్క్రీన్‌లో 4.6 చాల్లేదు. ముదురు ఆకుపచ్చ పెట్టి దాదాపు 7.9కి తెచ్చింది. పిందె రంగు అంటే దానికి ఇష్టం, అది పోయిందని కొంచెం బాధపడింది, పేజీ పైన పట్టీకి ఆ రంగు ఉంచుకోమన్నా, అక్కడ అక్షరాలు లేవు కదా.

మూడు టోకెన్ల సంగతి నా లిస్టులో ఉంది, 29వ నంబరు, "టోకెన్ నంబర్ చిన్నగా ఉంది" అని. చిన్న డిజైన్ విషయం అనుకున్నా. నిజానికి అది సీజన్లో పని చేసే పేజీ అయితే ఒక రైతు పేరు మీద మూడు బండ్లు లైన్లో ఉన్నట్టు లెక్క. ఆ రోజే మొదటి పనిగా అది చేసింది, టోకెన్ రాగానే ఫారం స్థానంలోనే పెద్ద అక్షరాలతో నంబరు వచ్చి, బటన్ మళ్ళీ నొక్కడానికి లేకుండా.

ఒక్క చోట మాత్రం మేమిద్దరం ఒప్పుకోలేదు. రేట్ల టేబుల్‌కి ఐదు కాలమ్స్, 360 పిక్సెల్స్‌లో పట్టదు, పక్కకి జరుగుతుంది. ఫోన్‌లో ఒక్కో ర్యాంపునీ ఒక్కో కార్డులాగా కిందకి పేర్చమని చెప్పినా, మేమంతా అట్లే చేస్తాం. చేసింది, వాళ్ళ నాయనకి చూపించింది, ఆయన రెండు సార్లు పైకీ కిందికీ తిప్పి, "యాడ జాస్తి ఉందో చూడాలంటే ఇంత తిప్పాల్నా, ముందుదే బాగుండె" అన్నాడంట. ఆయన రేటు చదవడానికి రాలేదు, రేట్లు పోల్చుకోవడానికి వచ్చినాడు, పోల్చుకోవాలంటే ఒకదాని కింద ఒకటి ఉండాలి. అది నాకు చెప్పేటప్పుడు ఆ పిల్ల కొంచెం జంకింది, అక్క చెప్పింది కాదంటే ఏమనుకుంటుందో అని. టేబుల్ వెనక్కి తెచ్చుకుంది, పక్కకి జరిగేట్టు ఒక డివ్‌లో పెట్టి, ర్యాంపు పేరున్న మొదటి కాలమ్ మాత్రం కదలకుండా స్టిక్కీ పెట్టింది. నేను చూసినా, నా కార్డుల కంటే మేలుగా ఉంది, ఆ మాటే చెప్పినా.

మూడు వారాలు పట్టింది మొత్తం. నా 34లో ఇప్పటికీ ఆరు అట్లే ఉన్నాయి, క్లాస్ పేర్లు ఇంకా బాక్స్ 1, బాక్స్ 2 అనే ఉన్నాయి, ఒక ఫొటో నాలుగు ఎంబీ పైనే ఉంది. వాటి సంగతి ఎత్తలేదు. ఎందుకంటే పోయిన ఆదివారం వచ్చి కూర్చోగానే తనే అడిగింది, "అక్కా రేట్లు రోజూ మారతాయి కదా, ప్రతి సారీ హెచ్‌టీఎంఎల్ తెరిచి మార్చాలంటే నావల్ల కాదు, వేరే దారేమన్నా ఉందా" అని. రేట్లన్నీ ఒక జేసన్ ఫైల్‌లో (డేటా మాత్రమే ఉండే ఫైల్) పెట్టి అక్కడి నుంచి టేబుల్ నింపుకోవడం మొదలుపెట్టినాం, నాలుగు ర్యాంపులు అయినాయి, మిగతావి ఈ వారం తనే రాసుకుని వస్తానంది.